అటికమామిడి వేరు, డాల్డా, ముప్పై ఎలుకలు

ఎం.ఫార్మ్ ఫార్మకాలజీలో రెండో సంవత్సరం అంటే ప్రాజెక్టే. నాకు వచ్చిన అంశం ఇది: ఊబకాయంతో కాలేయానికి కొవ్వు పట్టకుండా అటికమామిడి వేరు సారం ఎంతవరకు అడ్డుకుంటుంది? పరీక్ష ఎలుకల మీద. అనంతపురం ఊరి బయట ఒక ఫార్మసీ కాలేజీలో చేశాను. ఇలాంటి ప్రాజెక్టులు ఏటా నడుస్తూనే ఉంటాయి. కొన్ని పేపర్లుగా అచ్చవుతాయి. ఆ పేపరులోని ఒక వాక్యం పట్టుకుని ఎవరో ఒకరు సీసా మీద "శాస్త్రీయంగా నిరూపించినది" అని వేసుకుంటారు. ఆ వాక్యం తయారయ్యే చోట కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి, అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను.

మా గైడ్ మేడం మొదట చదివించింది మొక్క గురించి కాదు, కొవ్వు గురించి. 2005లో అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న 9 మంది మీద చేసిన అధ్యయనం ఒకటుంది. వాళ్ల కాలేయంలో చేరిన కొవ్వులో 59 శాతం ఒంట్లోని కొవ్వు నిల్వల నుంచి రక్తంలోకి వచ్చి చేరిందే. 26 శాతం కాలేయమే చక్కెరల నుంచి, పిండి పదార్థాల నుంచి సొంతంగా తయారుచేసుకుంది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. "మరి మనం ఎలుకలకు డాల్డా ఎందుకు పెడతాం మేడం?" అని అడిగాను. "ఎలుక తొందరగా లావెక్కాలి. నీకున్నది ఒక్క సంవత్సరం" అన్నారు. మనిషికి ఏళ్ల తరబడి పట్టే జబ్బును ఎలుకకు రెండు మూడు నెలల్లో తెప్పించాలి. ఈ తేడా అప్పుడు నాకు అంత పెద్దదిగా అనిపించలేదు.

అటికమామిడి అంటే పునర్నవ, శాస్త్రనామం బోయర్హావియా డిఫ్యూసా. మా వైపు చేను గట్ల మీద, చెరువు కట్టల కింద, రైల్వే లైను పక్కన ఎక్కడ పడితే అక్కడ నేలకు పాకి ఉంటుంది. ఆకు పప్పులో వేసుకుంటారు. వాపులకు, కామెర్లకు వేరు వాడటం పాతకాలం నుంచీ ఉంది. దాన్నే ఎందుకు ఎంచుకున్నారని తర్వాత చాలామంది అడిగారు. థీసిస్‌లో రాసిన కారణాలు రెండు పేజీలున్నాయి. అసలు కారణం, అది దగ్గర్లో ఊరికే దొరుకుతుంది. ప్రాజెక్టుల్లో మొక్కల ఎంపిక సగం ఇలాగే జరుగుతుందని నా అభిప్రాయం.

దగ్గర్లో దొరికినంత మాత్రాన పని తేలిక కాలేదు. ఈ వేరు మీద 1997లో అచ్చయిన ఒక పేపరు మా పనిని మలుపు తిప్పింది. వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడు కాలాల్లో తవ్విన వేర్లను, లావువి, సన్నవి వేరుచేసి పరీక్షించారు. కాలేయాన్ని బాగా కాపాడింది మే నెలలో తవ్విన, 1 నుంచి 3 సెంటీమీటర్ల మందమున్న వేర్లతో, నీళ్లలో తీసిన సారం. అంటే అదే మొక్క, అదే నేల, నెల మారితే మందు మారుతుంది. సీసాల మీద ఎక్కడైనా "మే నెలలో తవ్వినది" అని చూశారా? నేనైతే చూడలేదు.

చిక్కేమిటంటే, మే నెలలో మా అనంతపురంలో అటికమామిడి పైకి కనిపించదు. ఆకు, తీగ ఎండి రాలిపోయి, వేరు మాత్రం లోపల బతికి ఉంటుంది. మొక్క అదేనని ధ్రువీకరించే బాటనీ సారుకేమో పువ్వుతో, కాయతో ఉన్న నమూనా కావాలి. అందుకని వానలు పడ్డాక, పూత ఉన్నప్పుడే బుక్కరాయసముద్రం చెరువు కింది పొలాల్లో మొక్కలు వెతికి, నమూనాలు కోసి, అట్టల మధ్య నొక్కి హెర్బేరియం చేశాం. ఒక్కో మొక్క పక్కన పుల్ల పాతి గుడ్డపీలిక కట్టాం. మేకలు కాసే ఒక పెద్దాయన ఆ పుల్లలను కనిపెట్టుకుని ఉన్నాడు. ఎండాకాలంలో ఆయనే గడ్డపార తెచ్చి వేర్లు తవ్విచ్చాడు. ఎండకు గట్టిపడిన నేలలో దుంపలాంటి వేరు నిలువునా దిగి ఉంటుంది, తెగకుండా తీయడం మాకు చాతకాలేదు. కూలి ఎంతిమ్మంటావని అడిగితే, "దీన్ని కూడా కొంటారా!" అని నవ్వాడు.

ఇక గలిజేరు గోల. జనం నోట్లో అటికమామిడి, ఎర్ర గలిజేరు, తెల్ల గలిజేరు అన్నీ కలిసిపోయాయి. తెల్ల గలిజేరు వేరే మొక్క, ట్రయాంథిమా. అటికమామిడి పూలు చిన్నవి, గులాబీ రంగువి, పొడుగు కాడల చివర గుత్తులుగా వస్తాయి. కాయలు జిగురుగా ఉండి బట్టలకు అంటుకుంటాయి. ట్రయాంథిమా పువ్వు ఆకు మొదట్లో ఒంటరిగా కూర్చుంటుంది. పువ్వుంటే చిన్నపిల్లలైనా తేడా చెప్పగలరు. ఎండు వేరు ముక్కలు చూసి చెప్పడం వేరే సంగతి. పోల్చి చూద్దామని ఊళ్లో ఒక మూలికల అంగడిలో "పునర్నవ వేరు" కొనుక్కెళ్లి బాటనీ సారు ముందు పోశాను. ఆయన ఒక్కొక్క ముక్కా విరిచి, లెన్సులో చూసి, మూడు కుప్పలు పెట్టారు. మూడు కుప్పలూ ఒక మొక్కవి కావు.

వేర్లు నీడన ఆరబెట్టి, గరుకు పొడి కొట్టించి, 70 శాతం ఆల్కహాల్‌తో సాక్స్‌లెట్ పెట్టాం. తెలియనివాళ్ల కోసం: కింద ఫ్లాస్కులో ఆల్కహాల్ మరుగుతుంది, ఆవిరి పైకెళ్లి చల్లబడి పొడి మీద చుక్కలుగా పడుతుంది, పొడి ఉన్న గాజు గది నిండగానే సైఫన్ గొట్టం గుండా మొత్తం కిందికి దిగిపోతుంది, మళ్లీ మొదలు. గొట్టంలో దిగే ద్రవం రంగు పోయేదాకా ఇదే. దగ్గర కూర్చోవడం తప్ప చేసేదేం ఉండదు, కానీ లేచి వెళ్లడానికీ లేదు, కుళాయి నీళ్లు ఆగితే ఆవిరి గదంతా నిండుతుంది. మా ల్యాబ్‌లో నీళ్లు ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత రోటరీ ఎవాపరేటర్‌లో తక్కువ వేడి మీద ఆల్కహాల్ లాగేస్తే అడుగున ముదురు గోధుమ రంగు పాకం మిగులుతుంది. గాలి తగిలితే చెమ్మ పీల్చుకుని జారిపోతుంది కాబట్టి డెసికేటర్‌లో, అంటే చెమ్మ చేరని మూతపాత్రలో దాచాలి. వంద గ్రాముల పొడికి పది గ్రాముల పైచిలుకు సారం వచ్చింది. లేబుళ్ల మీద "10:1 ఎక్స్‌ట్రాక్ట్" అని చూస్తుంటారు కదా, అర్థం ఇంతే. పది పాళ్ల మూలిక ఒక పాలు సారమైందని. ఏ ద్రావకంతో తీశారో, అందులో పనిచేసే పదార్థం ఎంతుందో ఆ అంకె చెప్పదు. 1997 పేపరులో నీళ్లతో తీశారు, మేం ఆల్కహాల్‌తో తీశాం. రెండింటికీ పేరొకటే, పునర్నవ సారం.

జంతువుల నైతిక కమిటీ అనుమతి, విషగుణ పరీక్ష, ఫారాలు, సంతకాలు చాలా కాలం తిన్నాయి. అవి పక్కన పెడతాను.

ఎలుకలు బెంగళూరు నుంచి వచ్చాయి, తెల్ల విస్టార్ మగ ఎలుకలు. ఆరేసి చొప్పున అయిదు గుంపులు. మొదటి గుంపుకు మామూలు మేత. మిగతా నాలుగింటికీ కొవ్వు మేత. అందులో ఒకదానికి మందేమీ లేదు, ఒకదానికి పోలిక కోసం సిలిమారిన్ అనే మందు, మిగతా రెండింటికీ మా సారం, కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు ఒకదానికి, 400 ఇంకొకదానికి. కొవ్వు మేత పెద్ద కంపెనీలవి కొనాలంటే స్కాలర్‌షిప్ మొత్తం పోసినా చాలదు. మేత పొడి, డాల్డా, కొబ్బరినూనె, కొలెస్టరాల్ కలిపి మేమే ముద్దలు చేసేవాళ్లం, తాగడానికి ఫ్రక్టోజ్ కలిపిన నీళ్లు. ఒక్కసారిగా ఎక్కువ చేసిపెడితే కాచిన వాసన వచ్చి ఎలుకలు ముట్టవు. తక్కువ చేస్తే రోజూ ఇదే పని. హాస్టల్లో నా పక్కన కూర్చుని తినేవాళ్లు తగ్గిపోయారు, చేతులకు ఎప్పుడూ డాల్డా వాసనే.

రోజూ ఉదయం అదే వేళకు ఎలుక మెడ దగ్గర చర్మం పట్టి, కొస గుండుగా ఉన్న సూదిని నాలుక పక్క నుంచి నెమ్మదిగా దించి, సారం పొట్టలోకి ఎక్కించాలి. ఒక్క మిల్లీమీటరు అటైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆదివారం లేదు, దీపావళి లేదు, సంక్రాంతి లేదు. దీపావళి రాత్రి టపాకాయల మోతకు అవి మూలన ముద్దగా చేరి, మర్నాడు మేత సరిగా తినలేదు. ఆ వారం బరువుల పట్టికలో గీత కిందికి వంగింది. పేపర్లలో అలాంటి వంకరలకు కారణం ఎవరూ రాయరు.

మా సారం మొదలైంది కొవ్వు మేత మొదలైన రోజే. ఆ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

చివర్లో కాలేయాలు బయటికి తీసిన రోజున, ఏ గుంపుదో చెప్పకుండా ట్రేలో పెట్టినా కొన్నిటిని ఎవరైనా గుర్తుపట్టేస్తారు. మామూలు మేత తిన్నవాటిది ముదురు ఎరుపు గోధుమ రంగు. కొవ్వు మేతే తిన్నవాటిది పాలిపోయిన పసుపు, బరువు ఎక్కువ, బ్లేడుకు జిడ్డు అంటుతుంది. సారం తీసుకున్నవి ఈ రెంటికీ నడుమ. స్లయిడ్లకు కోడ్ నంబర్లు వేసి మెడికల్ కాలేజీ పాథాలజిస్టుకు పంపాం. ఆయన లెక్క ఇది: కణాల్లో 5 శాతం లోపు కొవ్వుంటే సున్నా, 33 దాకా ఒకటి, 66 దాకా రెండు, ఆపైన మూడు. స్లయిడులో కొవ్వు కనబడదు. తయారీలో ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించేస్తాయి, అది ఉన్న చోట గుండ్రటి ఖాళీలు మిగులుతాయి. ఖాళీలను లెక్కపెట్టి కొవ్వు ఎంతో చెప్తారన్నమాట. ఆ ఖాళీలు మా సారం గుంపుల్లో తక్కువగా ఉన్నాయి. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ కూడా తగ్గింది. 200కూ 400కూ మధ్య పెద్ద తేడా రాలేదు. సిలిమారిన్ మా సారం కంటే మెరుగ్గా ఉంది. అంకెలు ఇక్కడ రాయను. ఆరు ఎలుకల సగటు ఎవరి ఫోన్‌లోకీ ఫార్వర్డ్ కాకూడదు.

సిలిమారిన్ గురించి ఒక మాట. మిల్క్ థిజిల్ అనే ముళ్ల మొక్క గింజల సారం అది. కాలేయ పరిశోధనల్లో కొత్త మొక్కను దానితో పోల్చి చూడటం రివాజు. దాన్ని "స్టాండర్డ్" అంటాం. మందుల షాపులో ఫ్యాటీ లివర్‌కు రాసే బిళ్లల్లోనూ అది ఉంటుంది. మలేషియాలో ఫ్యాటీ లివర్ ముదిరి వాపు దాకా వెళ్లిన 99 మందిలో సగం మందికి ఆ సారం 700 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 48 వారాలు ఇచ్చి బయాప్సీ చేసి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. జబ్బు స్కోరు 30 శాతం తగ్గాలన్నది వాళ్లు పెట్టుకున్న ప్రధాన లక్ష్యం. అది సారం తీసుకున్నవాళ్లలో 32.7 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవాళ్లలో 26 శాతం మందికి నెరవేరింది. ఆ తేడా నిలబడేంతది కాదు. మచ్చలు కట్టే దశ మీద కొంత మేలు కనిపించినట్టుందని, ఇంకా పెద్ద పరీక్ష కావాలని రాశారు. ఎలుకల్లో మా కొలబద్ద మనుషుల దగ్గర తానే సరిగా నిలబడలేదు. థీసిస్‌లో ఈ పేరా పెడితే మేడం కొట్టేయలేదు, కానీ "చివరి చాప్టర్‌లోకి మార్చు" అన్నారు.

ఇవన్నీ నడుస్తుండగానే మా చిన్నాయనకు స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. బరువు 92 కిలోలు. చెనక్కాయల వ్యాపారం, రోజంతా కూర్చునే పని, సాయంత్రం అయితే మిరపకాయ బజ్జీలు, గంటకో టీ. నా ప్రాజెక్టు సంగతి ఇంట్లో విని ఉన్నాడు.

"ఏం పాపా, ఎలకలకు పోసేది నాకూ ఇంత ఇయ్యకూడదా?"

కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి ఒంటి ఉపరితలం లెక్క ఒకటుంది, 37 పెట్టి భాగించి 6తో గుణించాలి. 400 మిల్లీగ్రాములు కాస్తా కిలోకు 65 అవుతుంది. 92 కిలోల మనిషికి రోజుకు దాదాపు 6 గ్రాముల సారం. అంత సారానికి 60 గ్రాముల ఎండు వేరు కావాలి, నెలకు సుమారు రెండు కిలోలు. మే నెలలో తవ్వినది, ఆ మందమున్న వేర్లు మాత్రమే. "బుక్కరాయసముద్రమంతా తవ్వాల్నే!" అన్నాడు.

అప్పటికే ఆయన ఆన్‌లైన్‌లో ఒక లివర్ డిటాక్స్ సీసా తెప్పించుకుని ఉన్నాడు. లేబుల్ చదివాను. పునర్నవ సారం క్యాప్సూల్‌కు 50 మిల్లీగ్రాములు, రోజుకు రెండు. పైన వేసిన లెక్కలో అరవయ్యో వంతు. దాని గురించి నాకు భయం లేదు, పని కూడా చేయదనిపించింది. భయపెట్టినవి మిగతావి: గ్రీన్ టీ సారం, మిరియాల పైపరిన్ కలిపిన పసుపు సారం, గార్సీనియా అనే కాయ సారం, తిప్పతీగ. గ్రీన్ టీ కాచుకుని తాగితే ఏమీ కాదు. సారం రూపంలో అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన అయితే కాలేయం ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. పసుపూ అంతే. కూరలో చిటికెడు వేరు. బెంగళూరు పరిశోధకులు 1998లో పసుపులోని కర్‌క్యుమిన్ 2 గ్రాములకు 20 మిల్లీగ్రాముల పైపరిన్ తోడిస్తే రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువ చేరుతుందని చూపించారు. ఇప్పుడు పైపరిన్ కలపడాన్ని గొప్పగా అచ్చేస్తున్నారు. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లలో కాలేయ వాపు కేసులు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. తిప్పతీగ కషాయం కరోనా రోజుల్లో తాగి కామెర్లతో ఆసుపత్రికి వచ్చినవాళ్ల గురించి ముంబై డాక్టర్లు రాశారు. కాలేయం బాగుండాలని కొన్న సీసాలో కాలేయాన్ని దెబ్బతీసినట్టు రికార్డయినవి ఇన్ని ఒక్కచోట ఉన్నాయి. చిన్నాయన సీసా నా చేతికిచ్చి, "దీనికి పెట్టిన దుడ్లు?" అన్నాడు. అదే ఆయన బాధ.

గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు చిన్నాయన వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో ఫిబ్-4 లెక్క కట్టి 1.3 లోపే ఉంది, మచ్చలు కట్టే ముప్పు ప్రస్తుతానికి తక్కువ అన్నారు. మందు రాయలేదు. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గాలి అన్నారు, అంటే ఆరున్నర నుంచి తొమ్మిది కిలోలు. 5 శాతం తగ్గినా కొవ్వు కరగడం మొదలవుతుందట. టీలో చక్కెర మానమన్నారు, కాఫీ అలవాటుంటే చక్కెర లేకుండా తాగొచ్చన్నారు. గోంగూర సంగతి నేనే ఎత్తాను. 2014లో తైవాన్‌లో 36 మంది మీద 12 వారాల పరీక్షలో దాని సారం కాలేయంలో కొవ్వు తగ్గించిందని వచ్చింది, మన పుల్లగోంగూర జాతే. ఆయన నవ్వి, "పచ్చట్లో నూనె తగ్గించి తినమను, సంగటి ముద్ద సైజు కూడా" అన్నారు. చిన్నాయన ఏడాదిలో ఏడు కిలోలు తగ్గాడు. స్కానింగ్‌లో గ్రేడ్ 1. రాత్రి అన్నం, టీలో చక్కెర పోయాయి, బజ్జీలు వారానికి ఒకసారికి వచ్చాయి. పూర్తిగా మానలేదు, మానుతాడని నేనూ అనుకోలేదు.

వైవాకు వచ్చిన ఎగ్జామినర్ స్లయిడ్ల ఫోటోలు తిప్పి చూసి ఒక్కటే పెద్ద ప్రశ్న అడిగారు. "సారం మొదటి రోజు నుంచే ఇచ్చావు. ఆసుపత్రికి వచ్చే మనిషి కాలేయానికి అప్పటికే కొవ్వు పట్టి ఉంటుంది కదా. మీ ఫలితం అతనికి ఏం చెప్తుంది?" అంశం పేరే నివారణ కదా అని జవాబిచ్చాను. "అయితే నివారణ ఎవరికి? ఇంకా లావెక్కని మనిషి రోజూ ఈ వేరు సారం తాగుతాడా?" అన్నారు. చిన్నాయనకు కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఆయనకూ చెప్పాను. మార్కులు బాగానే వేశారు.

ఈ ఏడు మా జూనియర్ ఒకమ్మాయి అదే వేరుతో రెండో రకం ప్రయోగం చేస్తోంది. ముందు కొవ్వు మేతతో కాలేయం పాడయ్యాక, స్లయిడుతో రూఢి చేసుకుని, అప్పుడు సారం మొదలుపెట్టడం. ఒక గుంపుకు సారం లేకుండా మేత మాత్రం మామూలుకు మారుస్తారు. నాకు చూడాలని ఉన్నది ఆ గుంపునే. 2023లో ఫ్యాటీ లివర్ జబ్బు పేరు మార్చారు కాబట్టి ఆమె టైటిల్లో ఎంఏఎస్ఎల్‌డీ అని ఉంది. సారం నీళ్లతో తీయమని చెప్పాను. మేకల పెద్దాయన మేలోనే వేర్లు తవ్విచ్చాడు, కూలి కూడా పెంచాడట. ఎలుకలు ఇంకా బెంగళూరు నుంచి రాలేదు.